తప్పు గోడది కాదు

ఏడేళ్లుగా ఒక మాట నాలోనే దాచుకుని తిరుగుతున్నాను. వినాల్సిన మనిషి పోయిన నెల చనిపోయింది. అందుకని మీకు చెబుతున్నాను. ఇదీ పిరికితనమే. తెలుసు.

మా అక్క రెడ్డిగూడెం దగ్గర మామిడి తోటల్లో కాయలు ఏరే పనికి వెళ్లేది. బొమ్మలు వేయడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఎనభై రెండులో, కోతలు మొదలుకాకముందు, మా ఊరి చర్చి గోడ మీద మరియమ్మను వేసింది. ఎర్రమట్టి, మసి, సున్నం, తుమ్మజిగురు కలిపి రంగులు తనే నూరుకుంది. ఆ మరియమ్మ నల్లగా ఉంటుంది. ముతక చీర, చేతిలో కాయలు కోసే చిక్కం, కాళ్ల దగ్గర గంపలో బిడ్డ. ముఖం మా అమ్మది. అమ్మ పోయి అప్పటికి మూడేళ్లు.

నేను నూజివీడులో టీచర్ని. చర్చికి సాయం చేసే విదేశీయులు మే నెలలో చూడటానికి వస్తున్నారని తెలిసింది. వాళ్లు పంపే క్యాలెండర్లలో మరియమ్మ తెల్లగా, నీలి కళ్లతో ఉండేది. వాళ్లు మా అమ్మ ముఖాన్ని చూస్తారంటే నాకు సిగ్గేసింది. ఈ వాక్యం రాయడానికే ఇంతకాలం పట్టింది.

"ముఖం కాస్త తెల్లగా దిద్దక్కా" అన్నాను.

అక్క నవ్వింది. "అమ్మకి ఇప్పుడు పౌడరు రాయమంటావేంట్రా? బతికున్నప్పుడే రాసుకోలేదు."

"వచ్చేవాళ్లు ఏమనుకుంటారు?"

"ఎండలో కాయలు కోస్తే వాళ్లమ్మయినా నల్లబడుద్ది. పోవయ్యా, టీచరుగారూ."

రెండు రోజుల తర్వాత, ఊరంతా తోటల్లో ఉన్న మధ్యాహ్నం, తడి గోనెపట్టాతో ఆ ముఖం తుడిచేశాను. తేలిగ్గా పోలేదు. మళ్లీ నీళ్లు తెచ్చి రుద్దాను. గోడకి ఉప్పు పట్టి రంగు రాలిపోయిందని అక్కకు చెప్పాను. ఆమె ఖాళీ అయిన చోటు వేళ్లతో తడిమి, "జిగురు తక్కువేశానేమోరా" అంది. నేను తలూపాను.

తుడవడం కంటే ఆ తలూపడమే నన్ను ఎక్కువ తింటోంది.

వచ్చినవాళ్లు గోడ వైపు చూడనే లేదు. వేడికి తట్టుకోలేక బయట నీడలో కూర్చుని, చిన్నరసాలు తిని, బాగున్నాయన్నారు. చూసి మెచ్చుకునుంటే నా తప్పు పెరిగేదా? చూసి నవ్వి ఉంటే తగ్గేదా? ఆ సిగ్గు వాళ్లు నేర్పిందేనని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. క్యాలెండరు పంపింది వాళ్లే. దాన్ని అమ్మ ముఖం పక్కన పెట్టి చూసింది మాత్రం నేను.

ఆ ముఖం మళ్లీ వేయమని ఫాదర్‌గారు ఎన్నిసార్లు అడిగినా అక్క ఒకటే అనేది: "నా రంగు నిలవదండీ." మళ్లీ కుంచె పట్టలేదు.

అక్క శవపేటికను ఆ గోడ ముందే పెట్టారు. తల ఎత్తి చూశాను. చీర అంచు, చిక్కం, గంపలో బిడ్డ పాదాలు. ఏడు వానాకాలాలు దాటినా ఎక్కడా ఒక పెచ్చు లేవలేదు. ప్రతి ఆదివారం అక్క చూసింది ఈ గోడనే. ఆమెకు తెలియలేదా? తెలిసే ఊరుకుందా? ఇక ఎవరిని అడగను?

జిగురు సరిపోయిందక్కా. తుడిచింది నేను.