పసుపు కింది దెబ్బలు

రంగులను చూడగల ఫోటోపలకలు మన కొండల్లో తయారుచేసినవారే లేరని మొన్న ఒక పత్రికలో రాశారు. నేనున్నానని నాలుగు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. నా మాట వినిపించుకోకపోవడం ఇవాళ మొదలైంది కాదు కనుక, నా ఈడువాళ్ళైనా చదువుతారని ఇక్కడ రాస్తున్నాను.

పంతొమ్మిదివందల ఇరవైల్లో అనంతగిరి దగ్గర, అడవిపూల మీద పుస్తకం వేస్తున్న ఒక దొర దగ్గర పనిచేసేవాణ్ణి. అప్పటి మామూలు పలకకు నీలం తప్ప మరేదీ సరిగా కనిపించేది కాదు. కొండవాలంతా పసుప్పచ్చగా విరబూసిన వలిసె పూలు ఫోటోలో బొగ్గులా వచ్చేవి. అందుకని, పలకకు పూసే కొలోడియన్ ద్రావణంలో ఎర్రసిరాకు వాడే ఇయోసిన్ రంగు కొద్దిగా కలిపి, గాజు మీద పోసి, నాలుగు మూలలకూ పారించి ఆరబెట్టేవాణ్ణి. ఎంత కలపాలో తెలుసుకోవడానికి నాకు ఒక వానాకాలమంతా పట్టింది. దొర పుస్తకంలో నా పేరు లేదు, అది వేరే సంగతి, మరిచిపోలేదు.

ఆ చలికాలం ఘాట్ రోడ్డు కాంట్రాక్టరు, చోడి చేను కోత వదిలి వెట్టికి రానన్న ఒక కొండరైతును బండిచక్రానికి కట్టించి, తడిపిన తాడుతో కొట్టించాడు. తోలు ఊడి తాడుకు అంటుకునేదాకా కొట్టారు. నేను చూశాను. పుండ్లు మానాలని భార్య అతని వీపంతా పసుపు మెత్తింది. కేసు కోసం నేను ఫోటో తీస్తే, మామూలు పలక మీద పసుపూ నెత్తురూ ఒకే నలుపై, వీపు మసిగుడ్డలా వచ్చింది. కేసు విచారిస్తున్న అధికారి అది బురద అని నవ్వాడు.

మర్నాడు రంగు కలిపిన పలక సిద్ధం చేశాను. కదలొద్దంటే ఆ మనిషి, "ఈపు కూడా నవ్వాలేటి బాబూ?" అన్నాడు.

"బేగి తియ్యి బాబూ, నిలబడనేకపోతన్నాడు," అని భార్య ఏడ్చింది.

ఈసారి పసుపు తెల్లగా, దానిలోంచి ఉబికిన నెత్తురు నల్లగా, ఒక్కో దెబ్బా విడివిడిగా వచ్చింది.

సంగతి తెలిసి కాంట్రాక్టరు మనుషులు నా గుడారం మీద పడ్డారు. "ఏటి సేత్తన్నావురా ఈడ? మాకూ తియ్యి పోటో!" అంటూ ఒకడు సీసాలన్నీ పగలగొట్టాడు, ఇంకొకడు కెమెరా స్టాండు కాలు ఊడదీసి నా కుడిచేతి వేళ్ళు చితక్కొట్టాడు. పలకను పొట్టకింద పెట్టుకుని బోర్లా పడుకున్నాను, ఇవ్వలేదు.

ఆ పలకను తీసుకెళ్ళి అధికారి చేతికిచ్చాను. ఇంత స్పష్టంగా ఎలా వచ్చిందని అడిగితే, రంగు కలిపానని గొప్పగా చెప్పుకున్నాను. ఆ ఒక్క మాటే పట్టుకున్నాడు.

"రంగు కలిపింది నువ్వేగా! దెబ్బలూ నువ్వే గీసుంటావు. ఘనమైన చిత్రకారుడివయ్యా!"

కేసు కొట్టేశారు, పలక సర్కారు కచేరీలో ఉంచుకున్నారు. పుండ్లు కుళ్ళి రైతు చనిపోయాడు.

ఇప్పుడు దుకాణంలో కొన్న ఫిలిం అన్ని రంగులనూ దానంతట అదే చూస్తుంది, అందులో ఏం కలిపారని ఎవరూ అడగరు, అందులో కనబడ్డదాన్ని అబద్ధమనరు. ఇంత సులువైన కాలం ఆ మనిషికి అందకుండా పోయింది. ఆ అధికారి లేడు గానీ ఆ కచేరీ ఉంది, దానికి తలుపులున్నాయి, లోపల గుమాస్తాలున్నారు. వాళ్ళనే అడుగుతున్నాను. గాజు మీద కలిపిన రంగు మనిషి వీపును చీల్చగలదా? అవునో కాదో, కింద సంతకంతో, నాకు కాగితం మీద కావాలి.