మా అత్తగారి పాత చీర

మా అత్తగారికి తొంభై దాటాయి. చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, కొండకర్ల నుంచి ఒక్కరే ఆటోలో అనకాపల్లి వచ్చేస్తారు. రాగానే అడిగేది బెల్లం ముక్క. నేను బెల్లం మార్కెట్ పక్కనే పుట్టి పెరిగి, బెల్లం రుచి మరిచిపోయినవాణ్ని. పొద్దున్నే నడక, రాత్రికి చోడి అంబలి, పొగ వాసన తగిలితే పక్కకి తప్పుకోవడం. ఆవిణ్ని చూస్తే నాకు కుళ్లు. దాచుకోవడం ఎందుకు, కడుపుమంట.

మా ఇంట్లో మగవాళ్లెవరూ అరవై చూడలేదు. తాత, నాన్న, చిన్నాన్న, అందరినీ గుండే తీసుకుపోయింది. నాకు యాభై ఎనిమిది. డాక్టరు దగ్గరికి వెళ్లి నేను తినేవీ మానేసినవీ ఏకరువు పెట్టబోతే, ఆయన మా నాన్న ఎన్నేళ్లకి పోయారో అడిగాడు. "కొంత మన చేతిలో ఉంటుందండి, కొంత జీన్స్‌లో వస్తుంది" అన్నాడు. ఆ రెండో కొంత మా అత్తగారింట్లో బస్తాలకొద్దీ ఉంది. మా ఆవిడకీ వచ్చింది. బీపీ లేదు, షుగర్ లేదు, నా మాత్రల డబ్బా మీద అజమాయిషీ మాత్రం ఉంది.

మొన్న మా అమ్మాయికి కొడుకు పుట్టాడు. మా వైపు పసిబిడ్డకి మొదట కొత్త బట్ట వెయ్యరు. నిండా బతికిన పెద్దవాళ్ల పాత బట్ట చుడతారు, ఆ ఆయుష్షు బిడ్డకి రావాలని. ఎవరూ ఎవరినీ అడగలేదు. మా ఆవిడ తిన్నగా అత్తగారి పాత నేతచీర తెచ్చి చింపింది. నాకు ఒళ్లు మండింది.

"తాతని నేనున్నాను కదా, నా పంచె పనికిరాదా?" అన్నాను.

మా ఆవిడ చింపిన ముక్క మడతపెడుతోంది. అత్తగారే అందుకున్నారు.

"మీదిప్పుడే ఏటి అల్లుడుగోరూ. దాసుంచండి. ఈడి కొడుక్కి సుట్టొచ్చు."

అంత ఆయుష్షు ఉన్నవాళ్లకి ఎదుటివాడికి ఇంకొంత పంచిపెట్టడం ఎంత తేలికో అనుకున్నాను.

బిడ్డని నా ఒళ్లో పెట్టారు. చీరకి చుట్ట వాసన. ఈసారి పక్కకి తప్పుకోలేదు. ఎర్రటి ఆ ముఖంలో ఎవరి పోలికా తెలియలేదు గానీ చెవి తెలిసింది. పైన కొసదేరిన చెవి, మా నాన్నది, నాది.

"అచ్చం నీ పోలికే నాన్నా" అంది మా అమ్మాయి మురిసిపోతూ.

ఆ మాట కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూశాను. చీర అంచు లాగి ఆ చెవి కప్పేశాను.