స్వాతి గురించి నేను చెప్పని మాటలు

మాట జారి పెళ్ళిళ్ళు చెడగొట్టినవాళ్ళను మీరు చూసే ఉంటారు. నోరు మూసుకుని పెళ్ళి చెడగొట్టబోయిన మనిషిని చూసి ఉండరు. అది నేనే. పోనీ ఏ పగవాళ్ళ పెళ్ళో అయితే ఏదో ఒక తృప్తి ఉండేది. అది నా ప్రాణస్నేహితురాలు స్వాతి పెళ్ళి.

అప్పటికి నా చదువు అయిపోయి ఏడాది. భిలాయి స్టీల్ ప్లాంటు కాలనీ సెక్టర్ 2లో మా క్వార్టరు, దాని పక్కనే స్వాతివాళ్ళది. నేను మనుషులతో కంటే పుస్తకాలతో ఎక్కువ మాట్లాడే రకం. ఇంటికి చుట్టాలొస్తే ముందు మంచినీళ్ళ గ్లాసు కనిపించేది, దాని చాటున నేను. అలాంటి నేను ఒకరోజు ఫోనులో ఎవరో పెద్దమనిషి ఉపన్యాసం విన్నాను. మనిషికి తనవంటూ కొన్ని విలువలుండాలిట. ఏం జరిగినా వాటి ప్రకారమే బతకాలిట. వెంటనే డైరీ తీసి, పెన్ను చివర కాసేపు కొరికి, నాకంటూ ఒక విలువను ఎంచుకున్నాను. ఎదురుగా లేని మనిషి గురించి మంచిగానైనా సరే, చెడుగానైనా సరే మాట్లాడకూడదు.

ఎదురుగా ఉన్నవాళ్ళతోనే మాట్లాడలేనిదానివి, ఇదేం త్యాగం అని మీరు అడగొచ్చు. నిజమే. ఇకమీదట నీళ్ళలోనే ఉంటానని చేప ఒట్టేసుకున్నట్టుంది.

కానీ కొత్తగా విలువ దొరికినవాళ్ళు ఊరుకోరు, ఇంట్లోవాళ్ళకూ పంచుతారు. మొదటి వాటా మా అమ్మకు దక్కింది. అమ్మది విజయనగరం దగ్గర ఊరు. సాయంత్రం గేటు దగ్గర కుర్చీ వేసుకుందంటే చాలు, ప్లాంటు యార్డులోకి బొగ్గు వ్యాగన్లు వచ్చినట్టు సెక్టర్‌లోని వార్తలన్నీ అక్కడికొచ్చి ఆగేవి.

"అమ్మా, ఆ వెనకింటావిడ ఇక్కడ లేరు కదా, ఆవిడ గురించి ఎందుకు?" అన్నాను.

"ఆవిడుంటే ఎలా చెప్పుకుంటామే?" అంది అమ్మ.

నేను వదల్లేదు. అమ్మ ఎవరి పేరెత్తినా వెళ్ళి ఎదురుగా నిలబడి జాలిగా చూసేదాన్ని. ఆ చూపు పడలేక అమ్మ కుర్చీ లోపల పెట్టేసింది. పాపం, విజిల్ ఇరుక్కుపోయిన కుక్కర్‌లా ఇల్లంతా తిరిగేది.

ఇలా ఉండగా స్వాతికి సంబంధం కుదిరింది. కుదరడమేమిటి, అదే కుదుర్చుకుంది. బాడ్మింటన్ కోర్టులో చూసి, చిత్తుగా ఓడించి, ఆ తర్వాత ఇష్టపడిన అబ్బాయి. ఊళ్ళోనే రుఆబాంధాలో ఉంటారు, మన తెలుగువాళ్ళే. ఎన్నో తంటాలుపడి రెండిళ్ళవాళ్ళనూ ఒప్పించింది. జాతకాలు కూడా కలిశాయి. తాంబూలాలకు ముందు ఇక మిగిలింది ఆరా తీయడం. అబ్బాయి తల్లి ఒకరోజు అమ్మాయి పక్కింటికి వస్తుంది, దారిన పోతూ దాహమేసి ఆగినట్టు. ఊరక రారు మహానుభావులంటారు. కాబోయే అత్తగార్లు మరీను.

ఆవిడ వచ్చేసరికి అమ్మ కూరగాయలకని సుపేలా బజారుకు వెళ్ళింది, నాన్న డ్యూటీలో ఉన్నారు. తలుపు తీసింది నేను. ఆటో దొరకలేదని, కాసిని మంచినీళ్ళిమ్మని అడిగింది. ఫ్యాను కింద చెమట ఆరకముందే తనెవరో, ఎందుకొచ్చిందో కూడా చెప్పేసింది. మంచి మనిషి, దాచడం చేతకాదు.

"పక్కింటి స్వాతి నీకు బాగా తెలుసేటమ్మా?"

"చిన్నప్పటినుంచీ తెలుసండి."

"ఎలాంటి పిల్ల?"

చెప్పడానికి నా దగ్గర బోలెడంత మంచి ఉంది. కానీ స్వాతి ఎదురుగా లేదు. మంచిగానైనా సరే అని నా చేత్తోనే రాసుకున్నాను. సిరా ఆరకముందే విలువ తప్పితే నేనేం మనిషిని?

"నేను చెప్పలేనండి."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "ఎవరైనా చెప్పొద్దన్నారేటి?"

"లేదండి. నాకు నేనే అనుకున్నాను."

"అంత చెప్పుకోకూడనిది ఏటుందమ్మా?"

"ఉన్నా చెప్పనండి, లేకపోయినా చెప్పనండి."

ఆవిడ కుర్చీ దగ్గరకు జరుపుకుని గొంతు తగ్గించింది. "చూడు బేటా, నేనూ ఆడపిల్లను కన్నదాన్నే. నీ పేరు బైటికి రానివ్వను. నోటితో చెప్పక్కర్లేదు, ఊరికే తలూపు, బస్, అదే చాలు."

తలూపడం మాట్లాడటం కిందకి వస్తుందా, రాదా? ఆ ధర్మసందేహంలో నా తల అటూ ఇటూ కాకుండా మధ్యలో వణికింది. చెమటలు పట్టాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరైనా వరసగా రెండు ప్రశ్నలు వేస్తే నాకెప్పుడూ అంతే. ఆవిడకేం తెలుసు?

"పోనీలే తల్లీ, నాకర్థమైంది," అని నా భుజం తట్టి, మిగిలిన నీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయింది.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, తలుపు వేసుకుని నేను ఎంతో గర్వపడ్డాను. పరీక్ష వచ్చింది, నెగ్గాను అనుకున్నాను.

మౌనం అర్ధాంగీకారం అంటారు. నాది పూర్తి నేరారోపణ. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. పెదవి దాటని మాటకు కాళ్ళు ఇంకా పొడుగని నాకు ఆ వారమే తెలిసింది. రుఆబాంధా నుంచి ఫోన్లు ఆగిపోయాయి. తాంబూలాలకు మంచిరోజు లేదన్నారు. చివరికి అబ్బాయే స్వాతికి సంగతి చెప్పాడు. పక్కింట్లో స్వాతి పేరెత్తగానే ఎవరో కళ్ళనీళ్ళు పెట్టుకున్నారని వాళ్ళమ్మ బెంగ పెట్టుకుందట.

స్వాతి నేరుగా మా ఇంటికే వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముక్కు టమాటాలా ఉంది. అమ్మ పక్కనే బియ్యం ఏరుతోంది.

"ఎవరో నా గురించి ఏదో చెప్పారు యార్. దొరికితే జాన్ తీసేస్తా. నువ్వయితే కాదు, నీకు నోరే లేదు."

"నేనే. కానీ నేనేం చెప్పలేదు స్వాతీ. ఒక్క ముక్క కూడా."

"మరి?"

"అదే. ఒక్క ముక్క కూడా."

జరిగిందంతా విని స్వాతి పక్కనున్న తలగడ అందుకుంది. "నేను మంచిదాన్నని ఒక్క మాట అంటే నీకేం పోయేది?"

"నువ్వు ఎదురుగా లేవు కదా," అన్నాను. ఆ జవాబుకు తలగడ దెబ్బ పడింది, న్యాయంగానే.

అమ్మ బియ్యం చేట పక్కన పెట్టి లేచి చీర మార్చుకొచ్చింది. "నువ్వు ఇంటికాడే ఉండు స్వాతీ, నువ్వెదురుగా ఉంటే నాకు మాట రాదు. నువ్వు నడవ్వే, విలువలూ నువ్వూనూ."

రుఆబాంధాలో అబ్బాయి తల్లి ఎదుట అమ్మ నోరు విప్పింది. ఇన్నాళ్ళూ ఆగిన మాటలు గేట్లెత్తిన డ్యామ్‌లా వచ్చాయి. స్వాతి పొద్దెక్కితే గానీ లేవదంది. అది చేసిన సాంబారుతో ప్లాంటులో ఇనుముకు తుప్పు వదిలించొచ్చంది. స్కూటీతో కాలవలో పడి, కుక్క అడ్డొచ్చిందని లేని కుక్క మీదకు నెట్టిందంది. వాళ్ళ మామ్మతో రోజూ పోట్లాడేదని, ఆ మామ్మ ఆసుపత్రిలో పడితే మాత్రం దాని చేత్తో ఇస్తేనే మందు మింగేదని కూడా చెప్పింది. ఆఖరికి నా సంగతికొచ్చింది. "ఇక ఇదండీ, ఎవరో ఫోనులో చెప్పారని నోటికి తాళం వేసుకుంది."

ఆవిడ నా వైపు తిరిగింది. "మీ అమ్మ చెప్పినవన్నీ నిజమేటమ్మా?"

స్వాతి ఎదురుగా లేదు. నా విలువ ఉంది. రెండూ ఒకసారి చూసుకున్నాను, గొంతు సవరించుకున్నాను.

"ఒక్కటి తప్పండి. కుక్క నిజంగానే ఉంది. ఆరోజు బండి వెనక నేనూ ఉన్నాను, ఇంట్లో చెప్పలేదంతే. దాన్ని తప్పించబోయే పడ్డాం. స్వాతి ముందు నన్ను లేపింది, తర్వాత కుక్కకేమైనా అయిందేమో చూసింది, ఆ తర్వాతే తన మోచెయ్యి చూసుకుంది."

నా జీవితంలో అది అన్నిటికంటే పెద్ద ఉపన్యాసం. అమ్మ నా వైపు చూసిన చూపు సంగతి అడక్కండి. ఆవిడ మాత్రం పెద్దగా ఊపిరి వదిలింది. "ఇవేనా? హే భగవాన్, ఈ పిల్ల ఏడుపు చూసి నేను ఏటేటో అనుకున్నాను," అని లోపలికెళ్ళి కాఫీ పెట్టింది. ఆ కాఫీతో ఇద్దరూ కూర్చుని, అక్కడ లేనివాళ్ళందరి గురించీ చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు.

స్వాతి పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. అప్పటినుంచీ మా సెక్టర్‌లో ఏ ఆడపిల్లకు సంబంధం వచ్చినా, ఆరాకి మనుషులొచ్చే రోజున వాళ్ళింట్లోవాళ్ళు ముందుగా మా ఇంటికొచ్చి నన్ను సినిమాకి పంపించేస్తున్నారు. టికెట్టు ఖర్చు వాళ్ళదే.

అందుచేత సెక్టర్ 2 వాసులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా స్నేహితుల గురించి ఎవరు అడిగినా, వాళ్ళు ఎదురుగా ఉన్నా లేకపోయినా, మంచినీళ్ళు ఇచ్చేలోపే మొదలుపెట్టి అంతా చెప్పేస్తాను. అడిగినవాళ్ళు మధ్యలో లేచి ఆటో ఎక్కేస్తే, ఆ ఆటోలోనే పక్కన కూర్చుని మిగతాది పూర్తి చేస్తాను.