ఫోనుకు దొడ్డి కట్టిన కుళ్ళాయప్ప

మా తాత కుళ్ళాయప్పకు ఫోను వాడడం రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాడడం వచ్చు. మూయడం ఇంకా బాగా వచ్చు.

మాది బెళుగుప్ప పక్క ఊరు. తాత గొర్రెల కాపరి, ఆయన నాయన గొర్రెల కాపరి, ఆ నాయనకు నాయనా అంతే. తొమ్మిదో తరగతి దాటలేదని నన్ను ఊరంతా వెక్కిరిస్తుంది గానీ, మా వంశంలో బడి దారిన అంతదూరం నడిచింది నేనే. తక్కినవాళ్ళంతా గొర్రెల వెంట నడిచారు.

పొద్దు వాలే వేళకు తాత దొడ్డి ముందు నిలబడేవాడు. దొడ్డంటే మావాళ్ళు వెంట మోసుకుపోయే వల. చేలో గుంజలు పాతి చుట్టూ కడితే గొర్రెలకు ఆ రాత్రికి అదే ఇల్లు. ఒక మూల కొంచెం తెరిచి, ఒక్కొక్కదాన్నీ వీపు మీద తట్టి లోపలికి పంపేవాడు. లెక్క పైకి అనకూడదు, అంటే మందకు దిష్టి తగులుతుంది. తట్టిన చేతికే తెలిసేది ఏది రాలేదో. "మొండిచెవిది రాల్యా" అని కట్టె పట్టుకుని వెనక్కి పోయేవాడు. ఆఖరిది లోపలికి చేరేదాకా సంగటి ముద్ద ముట్టేవాడు కాదు. ఆకలికి మేము ఎంత గొణిగినా వినిపించుకునేవాడు కాదు. గొర్రె అరిస్తే మాత్రం ఫర్లాంగు దూరం నుంచి వినిపించేది.

ఆయన ఫోను నేను వాడి అరగదీసిందే. మెమరీ తక్కువ. ఒకటి తెరిస్తే ఇంకోటి బిగుసుకుపోయేది. మధ్యాహ్నానికి కాలిన పెనంలా వేడెక్కి, సాయంత్రానికి చార్జింగు అడుగంటేది. బెళుగుప్పలో ఫోన్లు బాగుచేసే అబ్బాయికి చూపిస్తే, అతను ఒక బొత్తాం నొక్కి తెరిచి ఉన్నవన్నీ వరసగా చూపించాడు.

"ఏమప్పా, ఎనకాల ఇన్ని నడుస్తాంటే ఫోనుకు ఊపిరి యాడాడుతాది? పని అయినంక మూసెయ్."

తాత ఆ వరసను చాలాసేపు చూశాడు. "ఇవన్నీ ఇన్ని దినాలూ బయటే తిరుగుతాండాయా?" అన్నాడు. ఆ గొంతులో నిజమైన భయం ఉంది.

ఆ రోజు నుంచి సాయంత్రం గొర్రెలు లోపలికి పోగానే ఫోను వంతు. కంబళి మీద కూర్చుని, పాటలది, వీడియోలది, వానలు చెప్పేది, ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో పైకి తోసి మూసేవాడు. చదువు రాదు కాబట్టి బొమ్మలే గుర్తు. తెల్లారి మళ్ళీ అన్నిటినీ ఒక్కొక్కటిగా తెరిచేవాడు, పని ఉన్నా లేకున్నా. మేతకు వదలాలి కదా.

అన్నిటినీ ఒకేసారి మూసే గుర్తు కింద ఉంటుందని నేను చూపించాను. ఆయనకు కోపం వచ్చింది.

"అన్నిటినీ ఒగేసారి తోసేస్తే ఏది లోపలికి పోయిందో నీకెట్ల తెలుస్తాది? నీకు మందనిస్తే సంజెకు సగం మిగుల్తాది."

"తాతా, అవి ఎనకాల నిద్రపోతాంటాయి. మెమరీ సాలకపోతే ఫోనే సూసుకుంటాది, ఏది ఉంచల్ల, ఏది ఆపల్ల అని. నువ్వు దినామూ మూసి, దినామూ తెరిస్తే దానికి ఇంగా ఎక్కువ చార్జింగు తింటాది."

"నిద్రపోయేది బయట నిద్రపోతే నక్క ఎత్తుకపోదా?"

దీనికి జవాబు తొమ్మిదో తరగతిలో చెప్పలేదు. పదిలో ఉందేమో నాకు తెలియదు.

ఈ ఏడు ఉగాదికి ముందు తాతకు గుండెలో నొప్పి వచ్చింది. ఎండలో నడవొద్దని అనంతపురం డాక్టరు గట్టిగా చెప్పాడు. కానీ మా వైపు ఎండాకాలంలో గొర్రెకు కొరికేందుకు రాళ్ళు తప్ప ఏమీ ఉండవు. ఏటా మంద తూర్పుగా గుత్తి మీదుగా తాడిపత్రి వైపు పోవలసిందే. అక్కడ కోసిన చేలల్లో ఇంత మేత ఉంటుంది, ఎరువు కోసం రైతులే పిలిచి చేలో మందను పడుకోబెట్టించుకుంటారు. ఏటా జతగా వచ్చే తిమ్మన్న ఈసారి గొర్రెలు అమ్మేశాడు. తాత ఒక్కడే పోతానన్నాడు, కరియ అనే నల్లకుక్కను తోడు పెట్టుకుని.

మా అవ్వ చౌడమ్మ వాకిలికి అడ్డంగా కూర్చుంది.

"యోవ్, నువ్వు యాడన్నా పడిపోతే నేను యాడని ఎతకల్ల? గుత్తి కాడ ఎతకల్లనా, తాడిపత్రి కాడ ఎతకల్లనా?"

"పడిపోతే గదా."

"పడినా లేసినా నా కంటికి కనపడల్ల. లేదంటే నన్ను దాటుకోని పో."

అవ్వను దాటడం మా ఇంట్లో ఎవరివల్లా కాలేదు. అప్పుడు నేను తాత ఫోనులో, ఆయన ఎక్కడున్నదీ నా ఫోనుకు చూపించే యాప్ వేశాను. మ్యాపు మీద ఆయన ఫొటో గుండ్రంగా కనిపిస్తుంది. ఆవలించేటప్పుడు తీసిన ఫొటో పెట్టాను. అంత బాగా వచ్చిన ఫొటో ఆయనకు ఇంకోటి లేదు.

దీన్ని మాత్రం మూయొద్దని చెప్పాలి. ఆ ఫోనులో మూస్తే ఇది పూర్తిగా చచ్చిపోతుంది, మళ్ళీ తెరిచేదాకా పాత చోటే చూపిస్తుంది. పొరపాటున మూతపడకుండా దాని మీద తాళం గుర్తు కూడా పెట్టాను. కానీ తాళం తీయడం తాతకు కష్టం కాదు. అందుకని ఆయన భాషలో చెప్పాను.

"తాతా, ఇది కాపలా కుక్క. కుక్కను దొడ్డి లోపల పెడతావా?"

తాత నవ్వాడు. "కుక్క బయటే ఉండల్ల. ఇది నాయమైన మాట."

ఆ ముసలాయనతో వాదించి నేను గెలిచింది అదొక్కటే.

ఆయన పోయాక అవ్వకు నా ఫోనే టీవీ అయింది. పని చేసుకుంటూ గడియకొకసారి పిలిచేది.

"ఏమే, మీ తాత కదలకుండా ఒగే చోట ఏం చేస్తాండాడు?"

"టీ తాగుతాండాడవ్వా."

"ఇంత సేపు టీ ఏంది? ఎవరు పోస్తాండారో సూడు."

"అది కనపడదవ్వా."

"మరి ఇదేం ఫోను?"

గుత్తి దగ్గరికి చేరాక ఒక రోజు తాత ఫోన్ చేశాడు. కొండ దిగి చిరుత వచ్చింది. గొర్రెలన్నీ వల లోపల బాగానే ఉన్నాయి. బయట పడుకున్న కరియను ఎత్తుకుపోయింది.

"వాణ్ని బయట పండుకోబెట్టింది నేనే గదా" అన్నాడు. ఆ మాటే రెండు మూడుసార్లు అన్నాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కుక్కకు ఇంత ఏడుపా అని ఎగతాళి చేయబోయి, నేనూ పోయి అవ్వ పక్కన కూర్చున్నాను.

ఆ తరువాత కూడా మ్యాపు మీద తాత రోజూ కదులుతూనే ఉన్నాడు. పగలు నడిచేవాడు, సాయంత్రం ఆగేవాడు. మంద కూడా అంతే చేస్తుంది కాబట్టి మాకు ఏ అనుమానమూ రాలేదు.

ఒక సాయంత్రం గుత్తి పక్క చేలో ఉన్నానని, రేపూ అక్కడే అని చెప్పాడు. ఆ రాత్రి అకాలపు వాన కురిసింది. మా ఊళ్ళో నాలుగు చినుకులు పడితేనే అవ్వ మురిసిపోయింది.

తెల్లారి తాత ఫొటో కదలలేదు. ఫోన్ చేస్తే మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేస్తే మోగింది. మూడోసారికి స్విచ్చాఫ్ అయింది. అవ్వ ఇంకేమీ అడగకుండా చెప్పులు వేసుకుంది. "పా" అంది.

మా ఊరి ఓబన్న జీపు తీశాడు. దారి పొడుగునా నేను ఫోను చూస్తూనే ఉన్నాను. ఫొటో అక్కడే ఉంది. ఉండేసరికి ధైర్యంగా కూడా ఉంది. ఎక్కడో తెలియని మనిషి కోసం పోవడం లేదు కదా.

గుత్తి దాటి మట్టిదారి పట్టి సరిగ్గా ఆ చేలో దిగాము. మ్యాపు మీద నా గుర్తు తాత ఫొటో మీదికి ఎక్కి కూర్చుంది. చేలో ఎవరూ లేరు. తడిసిన పెంటికలు, గుంజలు పీకిన గుంతలు, గుంతల నిండా నీళ్ళు.

"ఈడే అంటాండాది అవ్వా."

అవ్వ చేను నడుమ నిలబడి చుట్టూ తిరిగి చూసింది. "యోవ్" అని పిలిచింది. ఆ పిలుపుకు ఎప్పుడూ విసుక్కుంటూనైనా పలికేవాడు.

అడుగుజాడలన్నీ వానకు కొట్టుకుపోయాయి. టీ అంగడిలో అడిగితే మంద తాడిపత్రి రోడ్డు వైపు పోయిందేమో అన్నారు. అటు చాలా దూరం పోయాము. అది వేరేవాళ్ళ మంద. వెనక్కి వచ్చి, పొద్దు నడినెత్తికి ఎక్కాక, రైలు కట్టకు అవతల మిట్ట మీద గొర్రెల అరుపులు విన్నాము. పొద్దెక్కినా వల విప్పనందుకు అన్నీ కలిసి అరుస్తున్నాయి.

తుమ్మచెట్టు కింద తాత పడుకుని ఉన్నాడు. కూలికి వచ్చిన ఒకామె కొంగుతో ఆయన ముఖానికి నీడ పట్టి కూర్చుంది. పేరు కృపాకుమారి. మమ్మల్ని చూసి ఆమె కొంగు దించింది. దించిన తీరుతోనే తెలిసింది.

"ఇప్పుడేమ్మా" అంది. "శానా సేపు కాలేదు."

వాన మొదలవగానే పల్లపు చేలో నీళ్ళు నిలుస్తాయని తాత మందను ఈ మిట్టకు తోలుకొచ్చాడట. గుంజలన్నీ మళ్ళీ ఒక్కడే పాతాడు. బాగా పొద్దెక్కాక ఆమె పనికి వచ్చేసరికి చెట్టుకు ఆనుకుని రొమ్ము పట్టుకుని ఉన్నాడు.

"నా కాడ ఫోను లేదు, ఆయప్పది సూస్తే చార్జింగు అయిపోయుండె. రోడ్డు కాడికి పోయి అంబులెన్సుకు చేపిస్తానంటి. వద్దనె. మా ఇంట్లోవాళ్ళకు నేను యాడుండేదీ కనపడతాది, ఈపాటికి బయల్దేరుంటారు, నేను పోతే గొర్రెల్ని ఎవురు సూస్తారు అనె. నేను ఇనకుండా మా ఆయన్ని రోడ్డుకు తరిమితి. బండి ఇంగా రాలే, ఈలోపలే…" ఆమె ఆగి, మళ్ళీ అంది. "నీళ్ళు ఇస్తే తాగలేదమ్మా. మొగం కడగమన్నాడు. చౌడమ్మ వస్తాది, ఈ మొగంతో ఉంటే తిడతాది అనె."

అవ్వ ఆయన పక్కన కూర్చుంది. కడిగిన ముఖాన్ని చేత్తో మళ్ళీ తుడిచింది.

ఓబన్న జీపులో తాత ఫోనుకు చార్జింగు పెట్టి తెరిచాను. వెనకాల ఒక్కటి కూడా లేదు. వరసంతా ఖాళీ. తాళం గుర్తు పెట్టినదాన్ని కూడా తాళం తీసి, మూసి, లోపల పెట్టాడు. వాన రాకముందే పెట్టి ఉంటాడు. పాత చేలోనే.

అవ్వ నా వైపు చూసింది. "ఏమైందే దానికి?"

"చెడిపోయింది అవ్వా. పాత ఫోను గదా."

"అపద్దాలు సెప్పద్దు." గొంతులో కోపం లేదు. "దాన్ని గూడా లోపల పెట్టినాడు. కరియ పోయినంక ఆయప్ప దేన్నీ బయట ఇడిసి పండుకోని ఉండడు. నేను ఆ పొద్దే సెప్పాల్సింది నీకు, ఒగసారి సూడమని."

నాకూ తట్టలేదు కదా.

తాతను జీపులోకి ఎక్కించారు. గొర్రెలకు కాపలాగా ఓబన్న ఎవరినో కుదిర్చాడు. కృపాకుమారి మాతో పాటు జీపులో రోడ్డు దాకా వచ్చింది. అవ్వ ఆమె చేయి వదలలేదు.

"ఇంగొగసారి సెప్పుమా. ఏమన్నాడు?"

"చౌడమ్మ వస్తాది అన్నాడమ్మా."

"దానికి ముందు?"

"మొగం కడుగు అన్నాడు."

"దానికి ముందు?"

ఆమె ఓపికగా మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. జీపు మెల్లగా పోతోంది. అవ్వ తాత ముఖం చూస్తూ వింటోంది.