పలికిన సీసా

రిటైరైన ఆ బస్సు డ్రైవరు ఇప్పుడు చెక్క బస్సు బొమ్మలకు రంగులేస్తాడు. కొత్త రంగు మాత్రం ఛస్తే కొనడు. గడ్డకట్టిన నూనెరంగు సీసాను పుల్లతో కెలికి, చూడ్డానికి నీళ్లలా ఉండే థిన్నరు రెండు చుక్కలు వేసి, ఓ గాజుపూస జారవిడిచి, చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. రంగు కరిగి లోపల పూస టకటకమనగానే, తప్పిపోయిన పిల్లాడు దొరికినంత సంబరంగా "పలికింది" అంటాడు. "ఆ చచ్చిన సీసాలు అవతల పారేయండి" అని భార్య సణుగుతూనే ఉంటుంది.

కాలు విరిగి ఆస్పత్రిలో పడి, ఇంటికొచ్చిన రోజే అతను అలమర తెరిచాడు. సీసాలన్నీ ఒకేలా ఉన్నాయి. పైన తేట నీళ్లు, అడుగున విరిగిన పాలలా రంగు. నీళ్లు పడ్డ నూనెరంగు ఇక దేనికీ పనికిరాదు.

"మీరు లేరు కదా, ఎండిపోతాయని రోజూ నేనే రెండేసి చుక్కలు పోశాను" అంది భార్య, వెనకనుంచి.

ఇన్నేళ్లూ సణుగుతూనే ఆమె తన చేతులకేసి చూస్తోందని అతనికి తెలియనే తెలియదు.

"బతికాయా అండీ?"

అతను ఎర్రరంగు సీసా తీసి చెవి దగ్గర ఊపాడు. ముద్దలో కూరుకుపోయిన పూస కదల్లేదు.

"పలికింది" అన్నాడు.