కమ్యూనల్ మీటింగు

చీమకుర్తి బస్సులో నా పక్కన టోపీ పెట్టుకున్న ఒకాయన ఫోన్‌లో, "రేపు కమ్యూనల్ మీటింగు భాయ్, అందరూ రావాలి" అన్నాడు. కమ్యూనల్ అన్న మాట పేపర్లో గొడవల వార్తల్లోనే చూసినవాణ్ణి. అనుమానపడి కండక్టరుకి చెప్పాను. అతను అందరి ముందూ ఆయన సంచి తెరిపించాడు. లోపల ఫ్యాను రెక్కలున్నాయి.

"మా వీధి హాలుకండీ, చందాలతో కొన్నాం" అన్నాడాయన.

"అయితే కమ్యూనిటీ అనాలి. కమ్యూనల్ అంటే మతకలహాలు" అని దబాయించాను.

ఆయనకి ఇంగ్లీషు రాదని చాలాకాలం నవ్వుతూ చెప్పుకున్నాను. కమ్యూనల్ అంటే మొదట 'ఉమ్మడి' అనే అర్థమని మొన్న మా అమ్మాయి చెప్పింది. ఆయన అన్నది సరైన మాటే.

ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది ఒకటుంది. ఆయన నాకు చేతులు జోడించి, "తెలీక అన్నానండీ, ఏమనుకోవద్దు" అని, చీమకుర్తికి టిక్కెట్టు తీసుకున్నా తర్వాతి స్టాపులోనే దిగిపోయాడు.