చామంతి పిలకలు

నైజాం రోజుల్లో, నా భర్త చనిపోయిన ఏడు, మా మరిది నన్ను పుట్టింట్లో దింపడానికి వనపర్తి రోడ్డు స్టేషన్లో రైలెక్కించి, తనూ ఎక్కాడు. నేను నాటుకున్న చామంతి దుబ్బును పెకిలించి, తడిగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను.

"పువ్వు పెట్టుకోనిదానివి, నీకు చెట్టెందుకు వదినా? కిటికీలకెల్లి పారెయ్," అన్నాడు.

ఒళ్ళు మండింది. దుబ్బును ఇంకా దగ్గరికి పొదువుకున్నాను. ఎదుటి బల్ల మీద ఆకూవక్కా నములుతున్న ముసలి బీబీ లేచింది.

"ఈమె మొగుడు సచ్చిండని చెట్టుకు తెల్సా? జర నోరు మూస్కో బేటా!"

తర్వాత నా వైపు చేయి చాచింది. "ఇటియ్యి బిడ్డా."

దుబ్బును రెండు బొటనవేళ్ళతో మెల్లగా చీల్చి, వేరుతో సహా ఒక పిలకను తీసి కొంగులో ముడేసుకుంది.

"గిది నా పెరట్ల పెడ్త. నీ దగ్గర వీండ్లు బతకనియ్యరు."

గద్వాలలో దిగిపోయింది. నేను ఆమె పేరు కూడా అడగలేదు.

ఆమె అన్నట్టే అయింది. పుట్టింటి పెరట్లో నేను నాటిన మిగతా పిలకలను మొగ్గ తొడిగిన నాడే మా అన్న పీకి పెంటకుప్పలో వేశాడు. "ముండమోసిందున్న ఇంట్ల పూలేంది?" అన్నాడు.

ఈ వయసులో అక్షరాలు నేర్చుకున్నాక మొదట రాయాలనిపించింది ఆ కోపమే. గద్వాలలో ఆమె పెరటిదాకా మాత్రం వాళ్ళ చేతులు పోలేదు.